ఆ ఫ్రీజర్ తాళం ఎవరికి ఇవ్వమంటారు?

రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యాశాఖలకు, జిల్లా కలెక్టర్లకు, మునిసిపల్ కమిషనర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను కోస్తాలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నాను. ఉద్యోగమని అనుకునేరు, కాదు. విదేశాల్లో ఉన్న మన శాస్త్రవేత్తల్ని వెనక్కి రప్పించడానికి ఢిల్లీ పెట్టిన ఫెలోషిప్పులు కొన్ని ఉన్నాయి కదా, వాటిలో ఒకదాని మీద బెల్జియం నుంచి వచ్చాను. గడువు ఐదేళ్లు, ఐదో ఏడు నడుస్తోంది. రొయ్యల రోగాలు నా సబ్జెక్టు. రైతులు చెరువులోంచి తీసిన రొయ్యల్ని ఐసు డబ్బాలో పెట్టుకుని బైకు మీద తెస్తారు. పీసీఆర్ అనే జన్యు పరీక్ష చేసి, రొయ్యని ఎదగనివ్వని ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి ఉందో, తెల్లమచ్చ వైరస్ ఉందో చెబుతాను. మిగిలిన ముక్కని మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో దాస్తాను. ఏ ఊరి చెరువు, ఏ నెల, ఏ హేచరీ పిల్ల అన్నీ చీటీ మీద ఉంటాయి. నా పరిశోధన అంటే ఆ ఫ్రీజరే.

మొన్న మే నెలలో ఒక శనివారం సాయంత్రం ఈదురుగాలికి కరెంటు పోయింది. మా బ్లాకుకి జనరేటర్ ఉంది. అందులో డీజిల్ లేదు. డీజిల్ కొనాలంటే ఫైలు పెట్టాలి, ఫైలు మీద రెండు సంతకాలు పడాలి. శనివారం రాత్రి సంతకాలు ఎక్కడ దొరుకుతాయి? నా డబ్బుతోనే రెండు క్యాన్లు నింపుకొచ్చాను. తీరా చూస్తే జనరేటర్ గది తాళం వాచ్‌మన్ దగ్గర లేదు. అది ఎలక్ట్రీషియన్ దగ్గరుంది, ఆయన మేనల్లుడి పెళ్లికి వెళ్లాడు. అర్ధరాత్రి ఒంటిగంటకి ఫ్రీజర్ మీద అంకె మైనస్ 52కి వచ్చింది. ఆ అంకె ఒక్కో డిగ్రీ పైకి పాకుతుంటే పక్కన నిలబడి చూడటం ఎలాంటి టెన్షనో చెప్పలేను.

అప్పుడు తెలిసిన రైతు ఒకాయన గుర్తొచ్చి ఫోన్ చేశాను. ఆయన రొయ్యల ప్లాంటు యజమానిని నిద్రలేపాడు. రెండున్నరకి వ్యాను వచ్చింది. థర్మోకోల్ పెట్టెల్లో శాంపిళ్లు సర్ది, వాళ్ల బ్లాస్ట్ ఫ్రీజర్లో, ఎగుమతికి సిద్ధంగా ఉన్న వనామీ రొయ్యల అట్టపెట్టెల పక్కన పెట్టాం. అక్కడ మైనస్ 40. ఆదివారం సాయంత్రం దాకా అక్కడే ఉన్నాయి. ఎంతివ్వమంటారని అడిగితే ఆ యజమాని, "మా చెరువుల్లో రొయ్యలు చచ్చిన ఏడాది మీరు ఫీజు అడిగారా సార్" అన్నాడు.

నన్ను బెల్జియం నుంచి తెచ్చింది ఢిల్లీ. ఆ రాత్రి నా పనిని కాపాడింది ఊళ్లోవాళ్లు. ఈ రెంటికీ మధ్య ఉండాల్సిన మీరు ఎక్కడా కనిపించలేదు. అందుకే ఈ లేఖ ఢిల్లీకి కాకుండా మీకు రాస్తున్నాను.

ఢిల్లీ తన వంతు ఏదో చేస్తూనే ఉంది. రామానుజన్ ఫెలోషిప్ అని ఒకటుంది, నెలకు 1,35,000 రూపాయలు, పరిశోధన ఖర్చుకి ఏడాదికి 7 లక్షలు, ఐదేళ్లు. జీవశాస్త్రాల వాళ్లకి రామలింగస్వామి ఫెలోషిప్ ఉంది. ఈ రామలింగస్వామి గారెవరో ఇప్పటి పిల్లలకి తెలియదేమో. వులిమిరి రామలింగస్వామి, 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి, తిరిగొచ్చేశారు. హిమాచల్‌లోని కాంగ్రా లోయలో జనం తినే ఉప్పుకి అయోడిన్ కలిపి, గాయిటర్ అనే గొంతు వాపు తగ్గుతుందని రుజువు చేసిన బృందం ఆయనదే. ఆ తర్వాత ఎయిమ్స్ డైరెక్టరయ్యారు, దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కి డైరెక్టర్ జనరల్ అయ్యారు. దేశానికి తిరిగొచ్చే శాస్త్రవేత్తలకిచ్చే ఫెలోషిప్‌కి శ్రీకాకుళం మనిషి పేరు పెట్టారని నేను గర్వంగా చెప్పుకుంటాను. కానీ దాని మీద వచ్చేవాళ్లు చాలావరకు ఢిల్లీ, బెంగళూరు, పుణె, హైదరాబాద్‌లలోని కేంద్ర సంస్థల్లో చేరతారు. శ్రీకాకుళం, ఒంగోలు, ఆదిలాబాద్ లాంటి ఊళ్లలో రాష్ట్ర విశ్వవిద్యాలయానికి వచ్చేవాణ్ణి వింతగా చూస్తారు. నన్ను మా వాళ్లు "అక్కడేం తప్పు చేశావురా" అని అడిగారు. తమాషాకి కాదు, నిజంగానే.

ఢిల్లీ పథకంలో ఇల్లు ఉండదు, పిల్లల బడి ఉండదు, భార్యకో భర్తకో ఉద్యోగం ఉండదు, డీజిల్ ఉండదు. ఉండాలని కూడా నేను అనను. అవన్నీ మీ చేతిలో ఉన్నవి.

చైనాలో వూషీ అనే నగరం ఉంది. షాంఘైకీ నాన్‌జింగ్‌కీ మధ్య, తైహూ సరస్సు ఒడ్డున. బీజింగ్, షాంఘైల పక్కన పెడితే రెండో వరస ఊరు, మన లెక్కలో హైదరాబాద్ ముందు విజయవాడ అనుకోండి. 2000లో షీ ఝెంగ్‌రోంగ్ అనే సోలార్ శాస్త్రవేత్త ఆస్ట్రేలియా నుంచి తిరిగొస్తుంటే ఈ ఊరి పాలకులు పట్టుకున్నారు. తమ కింద ఉన్న సంస్థల చేత 60 లక్షల డాలర్లు పెట్టించి, సన్‌టెక్ అనే సోలార్ కంపెనీ మొదలుపెట్టించారు. 2005 డిసెంబర్‌లో ఆ కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయింది. దాంతో వూషీకి రుచి తెలిసింది. మరుసటి ఏడాదే "530" అని ఒక పథకం పెట్టింది. 5 ఏళ్లలో 30 మంది అలాంటివాళ్లని విదేశాల నుంచి తేవాలన్నది లెక్క.

ఎంపికైనవాళ్లకి ఇచ్చింది ఏమిటో చూడండి. మొదటి పెట్టుబడిగా 10 లక్షల యువాన్లు, అప్పట్లో మన డబ్బులో 50 లక్షల పైమాటే. పని చేసుకోవడానికి కనీసం నూరు చదరపు మీటర్ల చోటు. ఉండటానికి కనీసం నూరు చదరపు మీటర్ల ఇల్లు. చైనా వాళ్లు మనలా లక్షల్లో లెక్కపెట్టరు, పదివేలల్లో పెడతారు. ఆ లెక్కలో 10 లక్షలంటే నూరు. మూడూ నూర్లే. గుమాస్తాకైనా గుర్తుండే పథకం అది.

ఆ మూడు నూర్లలో నాకు నచ్చింది డబ్బు కాదు, ఇల్లు. ఎవరో కూర్చుని ఆలోచించారన్నమాట: ఈ మనిషి విమానం దిగుతాడు, పెట్టెలతో, పెళ్లాం పిల్లలతో, ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడు? నేను దిగినప్పుడు గెస్ట్ హౌస్‌లో వారం రోజులిచ్చారు. ఎనిమిదో రోజు ఏదో తనిఖీ బృందం వస్తోందని ఖాళీ చేయించారు.

ఇంకో సంగతి. చైనా కేంద్రం విదేశాల్లోని పెద్ద శాస్త్రవేత్తల్ని రప్పించడానికి 'వెయ్యి ప్రతిభలు' అనే జాతీయ పథకాన్ని మొదలుపెట్టింది 2008 డిసెంబర్‌లో, అంటే వూషీ తర్వాత రెండేళ్లకి. దాన్ని ముందుండి నడిపించిన పార్టీ నాయకుడు లీ యువాన్‌చావ్ అంతకుముందు వూషీ ఉన్న జియాంగ్సు రాష్ట్రానికే పార్టీ కార్యదర్శి. ఊళ్లో చూసిందాన్ని ఆయన రాజధానికి పట్టుకెళ్లాడని నా ఉద్దేశం. ఆ తర్వాత అది మళ్లీ కిందికి దిగింది, దిగిన ప్రతిచోటా వేషం మార్చింది. షెన్‌జెన్ నగరం 2010లో తన పథకానికి నెమలి పేరు పెట్టి, మనుషుల్ని మూడు తరగతులు చేసి, ఒక్కొక్కరికి 8 నుంచి 15 లక్షల యువాన్లు ప్రకటించింది. సూఝౌ నగరం మందుల పరిశోధన మీద దృష్టి పెట్టి, 2007 నుంచే బయోబే అనే పార్కు నడుపుతోంది, అక్కడ ఖరీదైన యంత్రాలని ఎవరికి వారు కొనుక్కోకుండా కలిసి వాడుకునే వీలుంది. ఢిల్లీ మార్గదర్శకాలు రాలేదని చేతులు ముడుచుకుని కూర్చోవడం మనకి అలవాటు. వూషీ ఎవరి మార్గదర్శకాల కోసమూ ఆగలేదు.

అక్కడంతా బంగారమేమీ కాదు. దూరపు కొండలు నునుపు, దగ్గరకెళ్తే రాళ్లు కనిపిస్తాయి. సన్‌టెక్ 2013లో అప్పులు తీర్చలేక దివాలా తీసింది. 530 పథకం నాటి వూషీ పార్టీ కార్యదర్శి యాంగ్ వైజె తర్వాత నాన్‌జింగ్‌కి వెళ్లి, 2015లో అవినీతి విచారణలో దొరికి, లంచాల కేసులో జైలుపాలయ్యాడు. నగరాలు పోటీపడి డబ్బు గుమ్మరించేసరికి, ఒక కాలు అమెరికాలో ఒక కాలు చైనాలో పెట్టి రెండు చోట్లా తీసుకునేవాళ్లు తయారయ్యారు. ఎంతమందిని తెచ్చామో పైవాళ్లకి లెక్క చూపించాలి కాబట్టి అధికారులూ చూసీ చూడనట్టు వదిలేశారు. హార్వర్డ్‌లో రసాయన శాస్త్రం ప్రొఫెసర్ చార్లెస్ లీబర్ వూహాన్‌లోని ఒక విశ్వవిద్యాలయంతో ఒప్పందం పెట్టుకుని, ఆ సంగతి దాచినందుకు 2021 డిసెంబర్‌లో అమెరికా కోర్టు దోషి అంది.

తిరిగొచ్చినవాళ్లని చైనాలో సముద్రపు తాబేళ్లంటారు. వాళ్ల భాషలో 'సముద్రం దాటి తిరిగొచ్చినవాడు' అన్న మాట, 'సముద్రపు తాబేలు' అన్న మాట ఒకేలా పలుకుతాయి, 'హైగుయ్' అని. వచ్చి ఉద్యోగం దొరక్క ఇంట్లో కూర్చున్నవాణ్ణి 'హైదాయ్' అంటారట, అంటే సముద్రపు నాచు. ఇది మొదటిసారి విన్నప్పుడు మా తీరం గుర్తొచ్చింది. ఏటా జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఒడ్డుకి వస్తాయి, ఇసుకలో గుడ్లు పెడతాయి, తెల్లారేలోగా వెళ్లిపోతాయి. మన ఎన్నారైలు కూడా ఆ నెలలోనే వస్తారు. సన్మానం, శాలువా, ఒప్పందం మీద సంతకం, ఫోటో, ఫ్లైటు. నేను అపహాస్యం చేయడం లేదు, వాళ్లలో నా స్నేహితులూ ఉన్నారు. కానీ 2023లో కేంద్రం పెట్టిన వైభవ్ ఫెలోషిప్ చూడండి. విదేశంలో స్థిరపడిన శాస్త్రవేత్త ఏడాదికి ఒకటి రెండు నెలలు వచ్చి వెళ్తే నెలకు 4 లక్షలు. పూర్తిగా వచ్చేసినవాడికి పైన చెప్పిన 1,35,000. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, అలా ఉంది. మీరు మీ రాష్ట్రంలో పథకం రాసేటప్పుడు కనీసం ఈ వరస మార్చండి.

ఇక్కడ ఎవరూ ఏమీ చేయలేదని కూడా అనను. అమెరికా నుంచి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థ ప్రారంభించారు. ప్రసాద్ గారి కుటుంబం ఇచ్చిన స్థలం, కోటి రూపాయలతో అది మొదలైంది. ఎల్లా కృష్ణ దంపతులు అమెరికా నుంచి వచ్చి 1996లో భారత్ బయోటెక్ పెట్టారు. 1999లో హైదరాబాద్ శివార్లలో తుర్కపల్లి దగ్గర 200 ఎకరాల్లో నాలెడ్జ్ పార్కు వచ్చింది, రాష్ట్రం స్థలమిస్తే ఐసీఐసీఐ కట్టింది. తిరిగొచ్చినవాడు సొంతంగా కోట్లు పోసి ల్యాబ్ కట్టుకోనక్కర్లేకుండా అద్దెకి సిద్ధంగా ల్యాబులుండేవి. చూశారా, ఒక రాష్ట్రం తలుచుకుంటే పాతికేళ్ల కిందటే చేయగలిగింది. చిక్కల్లా అదంతా ఒక్క నగరానికే పోయింది. విభజన తర్వాత ఆంధ్రకి అదీ మిగల్లేదు, తెలంగాణలో అవుటర్ రింగ్ రోడ్డు దాటితే అదీ లేదు.

మా ఇంటి సంగతి చెబుతాను. మా ఆవిడ మందుల కంపెనీల్లో రెగ్యులేటరీ పని, అంటే మందులకి ప్రభుత్వ అనుమతులు తెచ్చే పని చేసేది. మా ఊళ్లో ఆ పని లేదు. ఏడాదిన్నర ఇంట్లో కూర్చుంది. చుట్టాలు "ఇక్కడ బీఈడీ చేసి టీచరుగా చేరొచ్చుగా" అనేవాళ్లు. పదకొండేళ్ల అనుభవం ఉన్న మనిషికి ఆ మాట ఎలా తగులుతుందో వాళ్లకి తెలియదు. చివరికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి, పాపని తీసుకుని వెళ్లింది. ఇప్పుడు నేను శుక్రవారం రాత్రి రైలెక్కి ఆదివారం రాత్రి రైల్లో తిరిగొస్తాను. బెల్జియంలో ముగ్గురం ఒక ఇంట్లో ఉండేవాళ్లం. స్వదేశానికొచ్చాక రెండు రాష్ట్రాల్లో ఉన్నాం.

పాప ఇప్పుడు ఏడో తరగతి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం కాలేజీ సీట్లకి లోకల్ అనిపించుకోవాలంటే ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలోనే చదివి ఉండాలి. ఇక్కడి మీసేవలో, సచివాలయంలో ఎవరినడిగినా ఇదే చెబుతారు. అంటే తండ్రి ఆంధ్రలో రొయ్య రైతులకి పనిచేస్తుంటాడు, కూతురు ఆంధ్రలో నాన్-లోకల్. మాదైనా నయం. నా స్నేహితుడొకడు పదో తరగతి కొడుకుతో తిరిగొచ్చాడు, ఆ పిల్లాడు రెండు రాష్ట్రాల్లోనూ నాన్-లోకలే. తల్లిదండ్రులు పదేళ్లు రాష్ట్రంలో ఉన్నట్టు చూపిస్తే అన్‌రిజర్వుడ్ 15 శాతంలో పోటీ పడొచ్చు, అంతే. నా స్నేహితుడు ఇంటర్ వయసులోనే బయటికెళ్లినవాడు కాదు కాబట్టి ఆ పదేళ్ల కాగితాలు దొరికాయి, అందరికీ దొరకవు. ఆ ఉత్తర్వు ఎందుకొచ్చిందో నాకు తెలుసు, దాని వెనక ఉద్యమాలున్నాయి, ప్రాణాలున్నాయి. తీసేయమనడం లేదు. పూర్తికాలం తిరిగొచ్చి రాష్ట్ర సంస్థలో పనిచేసేవాళ్ల పిల్లలకి ఒక చిన్న వెసులుబాటు కావాలని రెండు రాష్ట్రాలూ కలిసి కేంద్రాన్ని అడగొచ్చు. మీరు కలిసి అడిగే సంగతులు ఎలాగూ తక్కువ, ఇదొకటి చేర్చుకోండి.

ఇప్పుడు కాస్త ఇబ్బందిగా ఉండే మాట. నా పక్క గదిలో ఒక మిత్రుడు పన్నెండేళ్లుగా కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నాడు. పీహెచ్‌డీ ఇక్కడే చేశాడు, ఎక్కడికీ వెళ్లలేదు. నాకు వారానికి నాలుగు క్లాసులు, ఆయనకి పద్దెనిమిది. జీతం నా ఫెలోషిప్‌లో సగం కూడా కాదు, అదీ కొన్ని నెలలు ఆలస్యం. నేను వచ్చిన కొత్తలో ఆయన నాతో ముభావంగా ఉండేవాడు, ఎందుకో ఆరు నెలలకి అర్థమైంది. చైనాలోనూ ఇదే రగిలింది. బయటినుంచి వచ్చినవాడికి పెద్ద పీట, ఉన్నవాడికి పాత చాప. బీజింగ్‌లో పేరున్న ఇద్దరు తిరిగొచ్చిన శాస్త్రవేత్తలు, షీ యీగోంగ్, రావ్ యీ, 2010లో సైన్స్ పత్రికలోనే రాశారు, అక్కడ పెద్ద గ్రాంట్లు రావాలంటే ప్రతిభ కన్నా పరిచయాలు ముఖ్యమైపోయాయని. మరుసటి ఏడాది ఇద్దరికీ చైనా సైన్స్ అకాడమీ సభ్యత్వం రాలేదు. మనుషుల్ని తేవడం తేలిక, వాళ్లొచ్చి చెప్పేది వినడం కష్టం.

అందుకే నాకు అల్లుడి మర్యాదలు వద్దు. కొత్త అల్లుడికి మొదటి సంక్రాంతికే గారెలు, మూడో సంక్రాంతికి ఎవరూ స్టేషన్‌కి రారు. తిరిగొచ్చిన నాకూ, వెళ్లకుండా ఉన్న మా మిత్రుడికీ ఒకే ల్యాబ్ కావాలి. జిల్లాకొకటి చాలు. మైనస్ 80 ఫ్రీజర్లు రెండు, ఒక మంచి మైక్రోస్కోప్, జన్యు సీక్వెన్సింగ్‌కి శాంపిళ్లు పంపే ఏర్పాటు, ఆగని కరెంటు. ఫెలో వాడుకుంటాడు, కాంట్రాక్టు లెక్చరర్ వాడుకుంటాడు, రైతు రొయ్య తెచ్చుకుంటాడు. కలెక్టర్ గారూ, మీ జిల్లా ఖనిజ నిధిలో ఇంతకన్నా వృథా ఖర్చులు మీరే చూసుంటారు.

ఉన్నత విద్యాశాఖ వారికి: ఫెలోషిప్ మీద మీ విశ్వవిద్యాలయానికి వచ్చినవాణ్ణి మూడో ఏట బయటి నిపుణుల చేత పరీక్ష చేయించండి. పనికొస్తాడంటే పోస్టు ఇవ్వండి, పనికిరాడంటే అప్పుడే చెప్పండి, వేరే దారి చూసుకోవడానికి రెండేళ్లుంటాయి. ఇప్పుడు ఐదో ఏడు చివరిదాకా ఎవరూ ఏమీ చెప్పరు. నియామకాల నోటిఫికేషన్ వస్తుందంటారు, వచ్చింది కోర్టుకెళ్తుంది, ఫెలోషిప్ అయిపోతుంది. నేను వైస్ ఛాన్సలర్‌ని అడిగితే "మీ లాంటివాళ్లు మాకు కావాలండీ" అన్నారు. చాలా ఆప్యాయంగా అన్నారు. కాగితం మీద అడిగితే సమాధానం లేదు.

మునిసిపల్ కమిషనర్ గారికి: మీ ఊరికి బయటినుంచి ఇలా వచ్చేవాళ్లు ఏడాదికి నలుగురో ఐదుగురో. వాళ్ల కోసం పోర్టల్ పెట్టకండి, దండం పెడతాను. ఒక మనిషిని పెట్టండి. అద్దె ఇల్లు, బడి సీటు, గ్యాస్ కనెక్షన్, భార్యకో భర్తకో చుట్టుపక్కల ఏ పని ఉందో చెప్పే మనిషి. ఫోన్ ఎత్తితే చాలు. వాచ్‌మన్‌కి తెలియని తాళాల సంగతి ఆ మనిషికి తెలిస్తే ఇంకా మంచిది.

డీజిల్ ఫైలు మాట మర్చిపోలేదు. ల్యాబ్ చూసుకునేవాడి చేతిలో అత్యవసర ఖర్చుకి ఇరవై వేలు ఉంచి, నెలాఖరున బిల్లులు అడగండి. ఆ మే రాత్రి డీజిల్‌కి అయింది మూడు వేల ఎనిమిది వందలు. అది ఇంకా రాలేదు. ముందస్తు అనుమతి లేదని ఆడిట్ అభ్యంతరం పెట్టింది.

వచ్చే మార్చి 31కి నా గడువు అయిపోతుంది. బెల్జియంలోని ఘెంట్‌లో మా పాత ప్రొఫెసర్ రెండుసార్లు మెయిల్ చేశారు, ఖాళీ ఉంది రమ్మని. మా ఆవిడ నన్ను ఏమీ అడగడం లేదు, అదే భయంగా ఉంది. ఫ్రీజర్లో 1,140 శాంపిళ్లున్నాయి. ఈ నాలుగేళ్లలో మూడు జిల్లాల చెరువుల్లో ఏ రోగం ఎప్పుడు ఎక్కడ మొదలైందో వాటిలో ఉంది. నేను వెళ్తే స్టాకు రిజిస్టరులో ఫ్రీజర్ ఒకటి అని రాసుకుంటారు, లోపల ఏముందో రాసుకునే గడి అందులో లేదు. పక్క గది మిత్రుడికి తాళం ఇద్దామంటే ఆయన కాంట్రాక్టు నాకన్నా ముందే, డిసెంబర్‌లో అయిపోతోంది. రొయ్యల ప్లాంటు ఆయన ఇస్తే దాచుతానన్నాడు గానీ, మైనస్ 40లో ఏళ్ల తరబడి ఉంచలేం.

తాళం నా జేబులోనే ఉంది. ఎవరికి అప్పగించాలో జనవరిలోగా కాగితం మీద చెప్పండి.

ఇట్లు,
మీ విశ్వవిద్యాలయాల్లో ఒకదానిలో ఇంకా ఉన్న ఒక ఫెలో